రెండు కిలోల నూరు గ్రాములు

బాప్తిస్మం కాకుండానే పాయె బిడ్డ,
యాడికి పోయుంటుందో అని
మా అత్త సలోమి మూడు దినాలుగా అదే మాట.
వినోదిని గోడకు తిరిగి పడుకొంది.

చిత్తూరు పెద్దాసుపత్రిలో నర్సమ్మ తూచింది:
రెండు కిలోల నూరు గ్రాములు.
పక్కనే నిలబడి ముల్లు చూసినాను.
దామలచెరువు మండీలో ఇరవై ఏండ్లుగా
తోతాపురి తూచే చేతులు నావి,
ముల్లు అబద్ధమాడితే నాకు తెలుస్తుంది.

ఆడలేదది.

పంతొమ్మిది దినాల పిల్ల.
పాలు తాగింది, తుమ్మింది,
నా బొటనవేలు పట్టుకొని నిద్రపోయింది.
అదే వేలు,
రైతు అటు తిరిగినప్పుడల్లా
తక్కెడలో రాళ్ళవైపు ఆనించే వేలు.
దానికేం తెలుసు.

జ్ఞానప్రకాశం పాస్టరయ్య వచ్చి
అత్త పక్కన చాపమీద కూర్చొని
"కడగాలంటే మురికుండాల గదమ్మా" అన్నాడు.
ఇంకేదో చెప్పబోయి
కండ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం
చర్చి వెనక సిమెంటు తొట్టి, ట్యాంకరు నీళ్ళు,
నడుము లోతు, చలి.
పేరడిగితే చెప్పినాను.
ఎందుకొచ్చినావని అడిగితే
బొటనవేలు చూపించినాను.