నీళ్ళగిన్నె అడుగున

మూడు రోజులుగా కాయిసా నీళ్ళగిన్నె వదలడం లేదు.
దాహమనుకున్నాను.
పెట్టెలో వేడి ఎక్కువైందేమోనని ఒక గీత తగ్గించాను.
బయట తార్తు ఊరంతా మోకాలి లోతు మంచు,
లోపల నా చిన్న కొండచిలువ
ముక్కు మాత్రం పైకి పెట్టి
మునిగిన పడవలా.

బేకరీలో రాత్రి షిఫ్టు దిగి వచ్చాను,
గోళ్ళలో ఇంకా పిండి.
గిన్నె అడుగున
ఆవగింజలో ఆరో వంతు కూడా లేని నలుపు చుక్కలు.
నా చొక్కా నుంచి షాజీరా రాలిందనుకున్నాను,
మా నల్లరొట్టెలో వేసేది.
షాజీరాకి కాళ్ళుండవు.

గడ్డం కింద తడికాగితంతో తుడిచాను.
ఒకటి నలిగింది.
తెల్లటి దాని మీద సన్నటి ఎర్రగీత.
నల్లికి సొంతమంటూ ఏముంది,
ఆ ఎరుపు కాయిసాది.
కంటి అంచున రెండు,
పొలుసుకీ పొలుసుకీ మధ్య ఎన్నో,
ఒంటినిండా బూడిద చల్లినట్టు వాటి రెట్ట.

ఎక్కడినుంచి వచ్చాయో తెలుసు.
డిసెంబరులో, తుంటి విరిగి ఆస్పత్రికి పోయే ముందు
హెల్దుర్ తన పాముని దిండుగలీబులో కట్టి నా చేతికిచ్చాడు.
కొత్తది వస్తే వేరే గది, రెండు నెలలు,
వేరే గిన్నె, వేరే పటకారు,
దాన్ని ముట్టిన చేత్తో దీన్ని ముట్టకూడదు:
ఇదంతా నాకు నేర్పింది హెల్దురే.
నాకున్నదే ఒక్క గది.
జాలికి గడువు పెట్టడం చేతకాలేదు.

డాక్టర్ ఏనెలి తిట్టలేదు, అదే ఎక్కువ నొప్పి.
పాముల్ని తూచింది, మందు కొలిచింది.
"చెయ్యి జారితే నల్లికన్నా ముందు పాము పోతుంది.
గుడ్లని మాత్రం ఈ మందు ఏమీ చెయ్యదు.
పొదిగేదాకా ఆగి, మళ్ళీ కొట్టు.
తేదీ రాసుకో, గుర్తుంటుందనుకోకు."

చెక్కపొట్టంతా మూటకట్టి పారేశాను.
అతుకుల్లో పాత టూత్‌బ్రష్షు, మూలమూలకీ వేడినీళ్ళు.
పరుపు ఇక కాగితం, ఇల్లు ఒక పెరుగుడబ్బా.
కాయిసా ఎక్కి పడుకునే ఓక్ కొమ్మ పారేయబుద్ధి కాక
బాల్కనీలో నిలబెట్టాను, మైనస్ ఇరవై రెండులో.
ఇన్నేళ్ళలో ఈ ఊరి చలి
మొదటిసారి నా పని చేసిపెట్టింది.

గోరువెచ్చని తొట్టెలో నా మణికట్టు చుట్టుకుని
అది ఊపిరి తీసేది.
నీళ్ళ మీదికి చుక్కలు తేలేవి.
లెక్కపెట్టేదాన్ని.
లెక్క తప్పితే సంతోషించేదాన్ని.

ఆదివారం బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా కడుక్కుని
హెల్దుర్ని చూడబోయాను.
"తింటున్నాయా రెండూ?"
"తింటున్నాయి."
పగిలిన నా వేళ్ళవైపు చూశాడు,
వేడినీళ్ళకి చర్మం లేచిపోయిన వేళ్ళు.
"ఎన్నో వారం?" అన్నాడు.
"మూడు."
ఇద్దరం కాసేపు కిటికీలోని మంచునే చూశాం.
"నవంబరులో ఒకటి కనబడింది," అన్నాడు,
"ఒక్కటే కదా అనుకున్నాను."
నేనేమీ అనలేదు.
అతని సూప్‌లో ఉప్పు తక్కువైతే వేశాను.

ఆరో వారం కాయిసా కుబుసం విడిచింది,
కళ్ళ మీది పొరతో సహా, ఒకే ముక్కగా.
దీపం ముందు పట్టుకుని మూరమూరా వెతికాను,
చీరలో చిరుగు వెతికినట్టు కాదు,
చిరుగు లేదని నమ్మడానికి వెతికినట్టు.

తోక దగ్గర ఒక నలుపు.
వేలితో తీసి, కాగితం మీద ఉంచి, ఊపిరి బిగబట్టాను.
కదల్లేదు.
పళ్ళకింద పెట్టి కొరికాను.
షాజీరా.

అయినా క్యాలెండరులో
ఇంకో పదిహేను రోజుల దగ్గర గుండ్రం చుట్టాను.
కొమ్మ ఇంకా బాల్కనీలోనే ఉంది.