రెండు వందల పది

ఆకాశానికి నిచ్చెన వేస్తున్నావా అని
వెటకారంగా అడిగేవాళ్లు ఉంటారు కదా,
వాళ్లెవరూ నిచ్చెన పొడవు చెప్పలేదు.
గాట్విక్ దగ్గరి హోటల్లో
కార్పెట్ మీద కాఫీ మరకున్న గదిలో
గోడకు అంటించిన పసుప్పచ్చ టేపు చెప్పింది:
రెండు వందల పది సెంటీమీటర్లు.
చెప్పులు విప్పి, మునివేళ్ల మీద లేచి
అందుకోవాలి.

మార్చిలో అందలేదు.
గోరుంటే అందేదేమో.
గోళ్లు పొట్టిగా ఉండాలని వాళ్లే రాశారు.

"ఆరు నెలలాగి మళ్లీ రావచ్చు" అంది
స్కార్ఫు ముడి ఇసుమంతైనా కదలని ఆవిడ.
అదే నవ్వుతో
బస్టాపు ఎడమవైపని కూడా చెప్పింది.

క్రాలీలో నేనుండే ఇంట్లో, వంటగదిలో,
ఫ్రిజ్ పక్క గోడ మీద పెన్సిలు గీత గీశాను.
ఇంటావిడ మిసెస్ అడెయెమి చూసి
"ఏ పిల్లల ఎత్తు కొలుస్తున్నావ్?" అంది.
నాదే అన్నాను.
"ఇరవై తొమ్మిదేళ్లకా!"
అన్నం ఉడికేంతసేపు చేతులెత్తి నిలబడేదాన్ని,
ఎవరో తుపాకీ చూపించినట్టు.
ఎముక పెరగదు, నిజమే.
కాని భుజం కింద ఎక్కడో
జాకెట్టు కుట్లలో దర్జీ వదిలిపెట్టే గుడ్డలా
రెండు సెంటీమీటర్లు
మడతపడి ఉన్నాయి.

సెప్టెంబరులో మళ్లీ.
ఈసారి నా పక్కన గారెత్,
యాభై మూడేళ్లు, పద్దెనిమిదేళ్లుగా బస్సు నడుపుతున్నాడు.
కూతురు కట్టి పంపిన టై ముడిని
ఊపిరాడకపోయినా వదులు చెయ్యడం లేదు.
గుండ్రంగా కూర్చోబెట్టి లెక్క ఇచ్చారు:
తుఫానుకి విమానం ఆగిపోయింది,
హోటల్లో గదులు అయిదు, ప్రయాణికులు తొమ్మిదిమంది,
ఎవరికిస్తారు?
పన్నెండు నిమిషాలు.
గర్భిణికి అన్నాం. కొత్త జంటకి వద్దన్నాం, ఎంత సులువుగానో.
గారెత్ మాత్రం
"ఆ ముసలాయనకి గది కావాలో
మాట్లాడే మనిషి కావాలో అడిగామా?" అన్నాడు.
గోడవార ముగ్గురూ ఒక్కసారే ఏదో రాసుకున్నారు.
పెన్నుల చప్పుడుకి నా మాట మధ్యలో తెగింది.

తర్వాత ఒక్కొక్కరినే పిలిచారు.
"కోపంగా ఉన్న మనిషిని ఎప్పుడైనా శాంతింపజేశారా?"
వీడియోలు చూసి బట్టీపట్టిన జవాబు
నాలుక చివర బొట్టు పెట్టుకుని సిద్ధంగా ఉంది.
నేను సిరిల్ గురించి చెప్పాను.
పనిచేసే వృద్ధాశ్రమంలో పదకొండో గది.
సూప్ గిన్నె నా మీదికి విసిరాడు.
"మీరేం చేశారు?"
తుడుచుకున్నాను. ఇంకో గిన్నె తెచ్చాను,
ఈసారి కాస్త చల్లార్చి.
"అంతేనా?"
అంతేనండి.
ఆవిడ చాలాసేపు ఏమీ రాయలేదు.
అది మంచికో చెడుకో ఇప్పటికీ తెలీదు.

చివరికి టేపు.
అదే గది, అదే మరక.
సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు,
ఆ చిల్లులోంచే వేలు నేలను పట్టుకుంది.
తాకిందా, తాకిందనుకున్నానా
అని పైకి చూసేలోపే
"థాంక్యూ, నెక్స్ట్" అన్నారు.

పదిహేడు రోజులకు మెయిలు.
మీరు ఎంపికయ్యారు, ఖాళీ వచ్చినప్పుడు పిలుస్తాం,
దయచేసి వేచి ఉండండి.
దిగడానికి చోటు దొరక్క
మబ్బుల్లో చక్కర్లు కొడుతుంటాయే విమానాలు,
అలాగన్నమాట.
గారెత్ ఫోన్ చేశాడు. తనకి రాలేదట.
నాకు నోరు పెగల్లేదు.
తనే అడిగాడు,
విన్నాడు,
ఎక్కడో డిపోలో
బస్సు హారన్ ఒకసారి గట్టిగా మోగించాడు.

ఆ రాత్రి ఆశ్రమంలో
భోజనాల బండి తోసుకుంటూ నడుస్తున్నాను.
ఒక చక్రం కీచుమంటుంది, ఎన్నాళ్లనుంచో చెప్తున్నాను.
పదకొండో గది తలుపు దగ్గర
చక్రాల కుర్చీలో సిరిల్, ఒళ్లో బెల్టు.
"అమ్మాయ్, ఎక్కడిదాకా వచ్చాం?"
కిటికీలో చీకటి, దూరంగా రన్‌వే దీపాలు.
"ఇంకా పైనే ఉన్నామండి," అన్నాను.
"చికెనా, పాస్తానా?"