మాడు

దీని పేరు బుడ్డ.
బుడ్డలేస్తే మాత్రం మూతి తిప్పుతాది.

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో
పాలిష్ మిషన్ వెనక, తెల్లదుమ్ములో దొరికింది.
పాలు పోస్తే
ముందు కాలు ముంచి చూసి, వెళ్లిపాయ.
బిస్కెట్‌ను ఇసుకలో పూడ్చిపెట్టింది.
ఖాజాబీ ఉడకబెట్టిన గుడ్డు చిదిపి పెడితే
తిన్నది చీమలు;
ఇది పక్కన కాపలా కూర్చుంది.

"ఆకలైతే అదే తింటాది లేప్పా" అన్యాడు ఓబులపతి.
రెండు దినాలు.
దాని పక్కటెముకలు నా వేళ్లకు లెక్క తెలిసిపాయ.

రాత్రి సంగటి గిన్నె గీకుతాంటే
ఆ చప్పుడుకు చెవులు నిక్కినాయి.
గరిటె అంచున నల్లటి పెచ్చు.
కరకర.
ఇంకా అన్నట్టు నా మోకాలి మీద కాలేసింది.

అది నా వంతు, చిన్నప్పటినుంచీ.
తమ్ముడికి కూడా ఇయ్యలేదు ఎప్పుడూ.

రేపు మంట
కొంచెం పెంచాల.