మేత లెక్క

తొమ్మిదిన్నరకి కూర్చుంటాను.
ఆకివీడు రోడ్డు, మేత గోడౌను మీద రేకుల గది.
కిటికీ తీస్తే తవుడు వాసన,
మూస్తే నిన్నటి తవుడు వాసన.

ఏ చెరువుకి ఎన్ని బస్తాలు పోయాయో
కిలో మేతకి చేప ఎంత కండ పట్టిందో
పదకొండేళ్ళుగా రాసేది నేనే.
కుర్చీ మాత్రం మూడోది.

మొదటి కుర్చీలో అరవై రెండు కిలోలు.
రెండోదాని చక్రం విరిగిననాడు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.
ఇప్పుడు తొంభై ఒకటి.
మధ్యాహ్నం హమాలీలు అన్నాలకెళ్ళాక
గోడౌను కాటా మీద బస్తాలా ఎక్కి చూసుకున్నాను.

లేస్తే నిటారుగా లేవను.
నాలుగడుగుల దాకా
కుర్చీ ఇంకా నన్ను పట్టుకునే ఉంటుంది.

భీమవరంలో ఫిజియో అమ్మాయి నళినాక్షి
బల్ల చివర పడుకోబెట్టి
ఒక కాలు కిందికి వదిలేయమంది.
వదిలేశాను. దిగలేదు.
తుప్పు పట్టిన లాకు తలుపులా గాల్లోనే ఆగింది.
"తొడ మొదట్లో కండండీ, కూర్చుని కూర్చుని పొట్టిదైపోయింది."
బరువు వల్లేనా అన్నాను.
"అది బరువు మీద చెబుతుంది, బరువు దాని మీద చెబుతుంది.
ముందు ఇద్దర్నీ లేపండి."
కాగితం మీద ఓ బొమ్మ గీసిచ్చింది.
అది క్యాష్ పుస్తకంలో ఉంది, చాలా భద్రంగా.

నిన్న శాంపిల్ కుర్రాడికి జ్వరం.
ఉండి అవతల పద్దెనిమిదెకరాల చెరువుకి నన్ను తోలారు.
ఏడుకొండలు వల విసిరాడు. డెబ్బై దాటాయట.
గట్టు మీద గొంతుక్కూర్చుని, మడమలు నేలకానించి,
చుట్ట ఆరకుండా చేపలేరుతున్నాడు.
"కూకోండి బాబూ, సేత్తో పట్టుకుంటేగా తెలిసేది."

కూర్చోబోయాను.
సగం దిగేసరికి లోపలెక్కడో ముడి.
వెనక్కి పడ్డాను, బురదలోకి,
చేతిలో శీలావతి టపటపలాడుతుండగా.

ఆయన నవ్వలేదు, చెయ్యీ ఇవ్వలేదు.
"తొందరేటి? ఓ మోకాలు కిందేసుకోండి,
ఓ పాదం ముందుకెట్టండి. ఆగండలాగే."
ఆగాను.
కాగితం మీద బొమ్మ ఇదే.
తొడ మొదట్లో ఏదో సాగింది, మంటతో,
కట్టేసిన కాలవలో
పూడిక మీద మొదటి పార పడ్డట్టు.

చేప తొమ్మిదొందల నలభై గ్రాములు.
నా లెక్కలో మేతంతా తిని
ఒక్క పూటా కూర్చోనిది.

ఆఫీసుకొచ్చి ఎంట్రీ వేశాను, నిలబడే.
ప్యాంటు మోకాలి మీద బురద ఆరి పెళుసెక్కింది.
దులపలేదు.