మూడో చార

మార్కాపురం బస్టాండు ఎదురుగా మా జిరాక్సు కొట్టు.
పలకల ఫ్యాక్టరీ మూతబడ్డాక
మా నాయన కోతమిషను తెగనమ్మి
ఈ మిషను కొన్నాడు.

తొమ్మిదింటి తర్లుపాడు బస్సు దిగి
చంకలో ప్లాస్టిక్ కవరుతో
కాశింపీరా తాత వచ్చాడు.
"మేజరుగారొచ్చారే!" అన్నాడు టీకొట్టు సుబ్బరంగయ్య.
"మేజర్ కాదురా, హవల్దార్."
చొక్కా మీద వాలిన ఈగను తోలినట్టు
నడక ఆపకుండానే అన్నాడు తాత.

కవరులో ఇంకో కవరు,
అందులో పాత కేలండరు కాగితం మడత,
మడతలో డిశ్చార్జి బుక్కు.
హోదా అన్నచోట నీలం సిరాతో
ఒకే మాట: నాయక్.

"ఊరు నన్ను మిద్దెక్కించింది పాపా,
కాగితం ఒక మెట్టు దించింది.
నేను నిలబడిన మెట్టు మాత్రం
ఎవుడూ రాయలా."

పింఛను ఎంత పెరుగుతుందని అడిగాను.
తాత బదులు చెప్పలేదు.
ఒంగోలు సైనిక సంక్షేమం ఆఫీసులో గుమస్తా కూడా
సరిగ్గా ఇదే అడిగాడట.

వెల్లింగ్టన్ రికార్డాఫీసుకి ఇది ఐదో అర్జీ.
నాలుగింటికీ ఒకటే జవాబు:
ప్రమోషన్ వివరములు మా వద్ద లభ్యము కాలేదు,
ఆధారము ఉన్న పంపగలరు.

ఆధారం ఒక ఫోటో.
అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది.
వెనకంతా మంచు,
ముందు చెయ్యి నడుము మీద పెట్టుకొని, మీసం రాని తాత.

మొదటి కాపీలో చెయ్యంతా నలుపు.
రెండోదాంట్లో మంచు చేతిని మింగేసింది.
గ్లాసు తుడిచి, వెలుతురు తగ్గించి, పెంచి
ఏడో కాగితానికి
నల్లటి చొక్కా చేతి మీద
తెల్లగా మూడు చారలు తేలాయి,
మా నాయన నున్నగా చెక్కిన పలక మీద
బలపంతో గీసినట్టు.

తాత వేలు మూడోదాని మీద ఆగింది.
"ఇది సెల్వరాజ్‌ది.
తిరునెల్వేలోడు. నాకు అరవం నేర్పింది వాడే.
మంచు పెళ్ళ జారిన రాత్రి
సెక్షన్లో ఒక ఖాళీ వచ్చింది.
నెల తిరక్కముందే నా చేతికి దీన్ని కుట్టుకున్నా.
సూది నేనే పట్టుకున్నా, దారం ఎక్కలా, గంటసేపు.

ఇప్పుడు ఈ చార లేదంటే
ఖాళీ రాలేదన్నట్టు.
ఖాళీ రాలేదంటే వాడు పోలేదన్నట్టు.
పోకుంటే మరి
ఏడమ్మా వాడు?"

బయట పొదిలి బస్సు హారన్ కొట్టింది.
నేను కీబోర్డు దగ్గరికి జరుపుకున్నాను.

అయ్యా, అని మొదలుపెట్టి
దయచేసి, అని కొట్టానో లేదో
"అది తీసెయ్" అన్నాడు.
"తప్పు వాళ్ళది. దయెందుకు?"
తీసేశాను.
టైపు అయ్యేదాకా కుర్చీలో కూర్చోలేదు,
మోకాళ్ళు వణుకుతున్నా
నిటారుగానే నిలబడ్డాడు.

పదమూడు నెలలు.
నడుమ రెండుసార్లు వచ్చాడు,
ఏదన్నా వచ్చిందా అని నన్నే అడిగాడు,
రికార్డాఫీసు నా సొరుగులో ఉన్నట్టు.

మొన్న ఎండవేళ
ఆ కవరు, ఆ మడత, ఆ బుక్కే మళ్ళీ.
నాయక్ మీద ఎర్రగీత,
పైన హవల్దార్,
పక్కన ఎవరిదో పొట్టి సంతకం, గుండ్రటి ముద్ర.
దొండాకుతో తుడిచిన పలక మీద
పాత అక్షరం పోయీపోనట్టు
గీత కింద నాయక్ కనబడుతూనే ఉంది.

మూడు కాపీలు తియ్యమన్నాడు.
ఒకటి ఒంగోలుకి.
ఒకటి ఇంటికి.
మూడోది పోస్టు కవరులో పెట్టి
నా పెన్ను అడిగి తీసుకొని
నాకు రాని లిపిలో, ఒక్కో సున్నా చుడుతూ,
ఒక ఆడమనిషి పేరూ
ఊరి పేరూ రాశాడు.
ఆమె ఉందో లేదో
తాతకీ తెలియదు.

"మేజరుగారూ, చక్కెర వెయ్యమంటారా?"
పక్కనుంచి సుబ్బరంగయ్య కేక.

తాత కవరు అంచు నాలుకతో తడిపి
అంటించి
బొటనవేలితో రెండుసార్లు నొక్కి,
"వద్దులే" అన్నాడు.