పళ్లెం మోత

మార్చి మొదట్లో నాకు ఉద్యోగం వచ్చింది.
పంచాయతీ సెక్రటరీ పిలిచి
ఒక విజిలు, ఒక ఎర్రజెండా చేతిలో పెట్టి
"కాలువ వంతెన కాడ నిలబడు సువార్తమ్మా,
ఒక పక్క ఆపు, ఒక పక్క వదులు,
రోజుకి మూడొందలు" అన్నాడు.
అంతే. ట్రైనింగు అయిపోయింది.

వంతెన వెడల్పు చెప్తా వినండి:
ఒక ట్రాక్టరు, పక్కన ఒక మేక.
అదీ, మేక బక్కదైతేనే.

వంతెన దిగితే
రోడ్డుకి ఆ అంచున మిరపకాయలు,
ఈ అంచున మొక్కజొన్నలు.
పొలంలో వారం పట్టే ఎండు
తారు మీద మూడు రోజులే.
గవర్నమెంటు రోడ్డేసింది,
మా వెలగపాడు కల్లం చేసుకుంది.
నడుమ మిగిలిన నల్ల చారే
గుంటూరు పోయే దారి.

జెండా సంగతి మొదటి పూటే తేలిపోయింది.
కిలోమీటరు పొడుగునా ఎరుపు పరిచిన చోట
నా చేతిలో మూరెడు ఎరుపు ఎవడికి ఆనుద్ది?
ఇటుకల లారీవాడు దిగొచ్చి
"కాయలకి కాకులు తోలుతున్నావనుకున్నా పిన్నీ" అన్నాడు.
విజిలా,
కోరుకి కూతకంటే ముందు దగ్గొచ్చుద్ది.

రెండో రోజు
అన్నం తినే స్టీలు పళ్లెం తెచ్చా, గరిటె తెచ్చా.
ఎండకి తిప్పితే అర మైలు మెరిసింది.
ఒక దెబ్బ, ఆగు.
రెండు దెబ్బలు, రా.
ఎడతెగకుండా మోగితే బస్సు.

బస్సంటే సాయంత్రం నాలుగూ నలభైది.
ఊరికి అదొక్కటే.
డ్రైవరు నాగూర్ మీరా
కాయల మీద టైరెక్కిస్తే రైతుల చేత తిట్లు,
ఎక్కించకపోతే కాలువ,
ఆలస్యమైతే డిపోలో మెమో.
ఒకనాడు వంతెన అవతలే ఇంజను ఆపేశాడు.
"నా బస్సు ఎనిమిదడుగులమ్మా,
నాకెంత మిగిల్చారో కొలిచి చెప్పు."
మూరలేసి కొలిచా.
అయిదు మూరలు. ఏడున్నర.

ఆ అరడుగు కాడ ఊరంతా మూగింది.
కాయలోళ్లు జొన్నల్ని జరపమని,
జొన్నలోళ్లు కాయల్ని జరపమని.
"అసలా బస్సెక్కేది ఎవరు, నలుగురేగా!"
అన్నాడు చెన్నకేశవులు.

ఆ నలుగురూ దిగారు.
పాలిటెక్నిక్కు పిల్ల హసీనా,
యార్డులో తొడిమలు తీసొచ్చే అక్కాచెల్లెళ్లు
ముక్కుకి గుడ్డ ఇంకా విప్పకుండానే,
వెనక డయాలసిస్ గోవిందరాజులు.
కాలికింద ఒక్క కాయ నలగకుండా
చూసుకుంటా నడిచారు.
గోవిందరాజులు రెండుసార్లు కూలబడ్డాడు,
రెండుసార్లూ కాయలు లేని చోటు వెతుక్కుని.

చెన్నకేశవులు పార అందుకున్నాడు.
ఆ పూట అడుగున్నర జరిగింది.
మర్నాటికి అడుగు ముందుకొచ్చింది.
కాయలకి కాళ్లుంటయ్ గామాల.

అప్పుడు నేనొక వెదురు కోయించా,
కొలిచి, తొమ్మిదడుగులు.
నాలుగ్గంటలకి దాన్ని అడ్డంగా పట్టుకుని
వంతెన నుంచి బడి దాకా నడిచేదాన్ని.
కర్రకి తగిలిన కాయ నా కూరకి.
మూడు రోజులు గొణిగారు.
నాలుగో రోజు నుంచి
నేనొస్తుంటే చీపుర్లు ముందు పరిగెత్తేవి.
అయినా ఆ యేడు
మా ఇంట్లో కారానికి కొదవ లేదు.

ఏప్రిల్ ఆఖరికి టిక్కీలన్నీ యార్డుకి పోయినయ్.
రోడ్డు మళ్లీ రోడ్డంత అయింది.
యాభై రెండు రోజులు నిలబడితే
నలభైకి డబ్బులొచ్చినయ్.
సెక్రటరీ జెండా వెనక్కి అడిగాడు,
ఇచ్చా. మడత కూడా చెదరలేదు.

ఇప్పుడు వానలు పడ్డయ్.
వంతెన మొదట్లో గుంత ఒకటుంది,
పూడ్చమని మూడు అర్జీలు తిన్న గుంత.
అందులో రాలిన గింజలు మొలిచి
జానెడు మిరప నారు లేచింది.
దాని మీదికి టైరు పోనియ్యటానికి
ఒక్కడికీ మనసొప్పట్లేదు.
లారీలు నిదానిస్తయ్, బైకులు పక్కకి తిరుగుతయ్.
నా డ్యూటీ దానికిచ్చినట్టున్నారు.
బాకీ జీతం అడగదుగా.

పళ్లెం నిండా సొట్టలు.
పులుసు పోసుకుంటే
ఒక పక్క ఆగుద్ది, ఒక పక్క పారుద్ది.
తింటా ఉంటే
నాలుగూ నలభైదికి వంతెన కాడ
నాగూర్ మీరా హారను కొడతాడు.

రెండుసార్లు.