చెయ్యి పట్టని చోటు

ఇంజనుకీ గోడకీ మధ్య
జానెడు కూడా లేదు.
అక్కడెక్కడో, పొగగొట్టం వెనక, ఆయిల్ ఫిల్టరు.
కంటికి కనపడదు,
వేలి కొసకి తగిలి ఊరుకుంటుంది.

కంచరపాలెం షెడ్డులో మధ్యాహ్నం మూడు.
ఉప్పుగాలికి తిన్న రేకుల్లోంచి
ఎండ చుక్కలు చుక్కలుగా నా వీపు మీద.

గొలుసు రెంచి పెట్టాను:
పట్టు కుదిరింది, పిడి తిప్పే చోటు లేదు.
పట్టీ రెంచి నూనెకి జారిపోతోంది.
"స్క్రూడ్రైవరు దిగ్గొట్టెయ్యి గురూ"
టీ ఊదుకుంటూ గౌరీసు.
దిగ్గొట్టాక రేకు చీరుకుపోతే
బండి ఈ రాత్రికి ఇక్కడే.
నూకరత్నం గారు తెల్లారకముందే
చేపల హార్బరులో వేలానికి నిలబడాలి.

కప్పు రెంచి ఒకటుంది,
పూర్ణా మార్కెట్లో కొన్నది, ఒక సైజు పెద్దది.
లోపల గరుకు కాగితం మడిచి దోపాను.
పొడుగు కడ్డీ తగిలించి
కళ్ళు మూసుకుని తిప్పాను,
చూడ్డానికేం లేనప్పుడు కళ్ళెందుకు.

కిర్రుమంది.
మోచేతి దాకా వెచ్చటి నల్లనూనె.

ఇంతలా బిగించినవాడెవడ్రా అని తిట్టబోతే
డబ్బా మీద నా చేతిరాత:
పోయినేటి తేదీ, కిలోమీటర్లు, పొట్టి సంతకం.
ఆ రోజు ఎవరి మీద కోపమో
గుర్తు లేదు.

కొత్తదాని రబ్బరుకి వేలితో నూనె రాసి
చేత్తోనే బిగించాను, ముప్పావు చుట్టు.
"సరిపోద్దంటావా?" అన్నాడు గౌరీసు.
ఇంజను స్టార్టు చేసి
ఇద్దరం నేలకి వంగి
ఏ చుక్కా పడకపోవడం
చాలాసేపు చూశాం.